రోమన్ యోధుడి కుడిచెయ్యి

ఇరవై మూడు. నిఖత్‌ను నిద్రలో లేపి అడిగినా ఆ లెక్క తప్పేది కాదు. మణికట్టు నుంచి భుజం దాకా, ఒకదాని పైన ఒకటి, ఇరవై మూడు అడ్డగీతలు.

ఆ గీతలున్న బొమ్మ కుంచెతో వేసింది కాదు. పద్దెనిమిది వందల ఏళ్ళ కిందట, ఎక్కడో మధ్యధరా సముద్రం ఒడ్డున, ఒక కలవారి ఇంటి నేల మీద గోరంత రంగురాళ్ళు పేర్చి చేసిన బొమ్మ. అందులో ఒక గ్లాడియేటర్ నిలబడి ఉన్నాడు. అంటే రోమన్ల కాలంలో వేలమంది చూస్తుండగా గోదాలోకి దిగి, కత్తి పట్టి, ప్రాణాలకు తెగించి కొట్లాడిన మనిషి. ఎడమచేతిలో పెద్ద డాలు. తల మీద ముఖం కూడా మూసేసే శిరస్త్రాణం. కత్తి పట్టిన కుడిచేతికి, పొడవునా ఒక తొడుగు. ఆ తొడుగు మీదే ఈ ఇరవై మూడు గీతలు.

హైదరాబాదులో ఒక మ్యూజియం వాళ్ళు పాత రోము గురించి ప్రదర్శన పెడుతున్నారు. ఆ బొమ్మ ఫోటో పంపించి, ఆ చేతి తొడుగును ఇత్తడిలో చేసిపెట్టమని పెంబర్తిలో ఐలాచారి కార్ఖానాను అడిగారు. అద్దాల పెట్టెలో పెట్టడానికి కాదు. ప్రదర్శన మొదలయ్యే రోజున, కర్రసాములో పేరున్న ఓదెలు దాన్ని తొడుక్కుని జనం ముందు కత్తి తిప్పుతాడు. ఎదుటివాడు నిజంగానే కొడతాడు. కత్తులు కొయ్యవే. కానీ దెబ్బ దెబ్బే.

ఐలాచారికి డెబ్బై దాటాయి. ఆయన కొట్టిన రేకు మీద సుత్తి ఎక్కడ పడిందో వేలితో తడిమినా దొరకదు. ఆయన ఈ పనిని నిఖత్‌కు అప్పజెప్పాడు.

నిఖత్ హన్మకొండ పిల్ల. శిల్పం చదివింది, కాలేజీలో బంగారు పతకం తెచ్చుకుంది. ఆ తర్వాత, రేకు పని నేర్చుకుంటానని వచ్చి మూడేళ్ళుగా ఐలాచారి దగ్గరే ఉంది. ఆమె ఆయనను ఉస్తాద్ అంటుంది. ఆయన ఆమెను బిడ్డా అంటాడు.

"నువ్వు చదువుకున్నదానివి బిడ్డా. బొమ్మ నువ్వే చూడు," అన్నాడాయన, ఆ ఫోటో ఆమె చేతిలో పెట్టి.

నిఖత్ చూసింది. అలా ఇలా చూడలేదు. ఫోటోను మనిషంత ఎత్తున అచ్చువేయించి కార్ఖానా గోడకు అతికించింది. స్కేలు పెట్టి కొలిచింది. గీత గీతకూ అంకె వేసింది. నలభై రోజులు ఇంకో పని ముట్టుకోలేదు. గీతకొక రేకు చొప్పున ఇరవై మూడు ఇత్తడి రేకులు కోసి, గాజుల్లా గుండ్రంగా వంచి, తోలు మీద వరసగా రివెట్లు కొట్టి బిగించింది. చివరి రివెట్టు పడగానే ఫోన్ తీసి మ్యూజియంలో ఆ పని చూస్తున్న డాక్టర్ హైమవతికి చెప్పింది.

"మేడమ్, అయిపోయింది! బొమ్మలో ఏముందో అదే. ఒక్క గీత ఎక్కువ లేదు, ఒక్క గీత తక్కువ లేదు. ఆ గ్లాడియేటర్ లేచి వచ్చినా ఇది నాదే అంటాడు!"

"అయితే శుక్రవారం నేనే వస్తాను. ఓదెలును కూడా తీసుకొస్తాను," అంది హైమవతి.

అది శనివారం పొద్దున. నిఖత్ తొడుగును రెండు చేతులతో ఎత్తుకొచ్చి ఐలాచారి ముందు పెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు. ఒక్కొక్క రివెట్టునూ బొటనవేలితో తడిమాడు.

"పని మంచిగున్నది," అన్నాడు.

మూడేళ్ళలో ఆయన ఆ మాట అనడం అది రెండోసారి. నిఖత్ కాళ్ళు నేల మీద నిలవలేదు.

"తొడుక్కో బిడ్డా."

తొడుక్కుంది. ఇత్తడి ఎండకు ధగధగా మెరిసింది. పక్కన పని చేసుకుంటున్నవాళ్ళు సుత్తులు ఆపి చూశారు.

"ఇగ నీ చున్నీ సర్దుకో."

నిఖత్ చెయ్యి ఎత్తింది. చెయ్యి మొత్తం భుజం దగ్గర్నుంచి బోరింగు పిడిలా పైకి లేచింది. మోచెయ్యి మడత పడలేదు. లోపలివైపు రేకుల అంచులు ఒకదానికొకటి తగులుకుని అడ్డం పడ్డాయి. బలం పట్టి వంచబోయింది. కిర్రుమన్నాయి, అంతే. చున్నీ జారి కింద పడింది.

"బొమ్మలో అట్లనే ఉంది ఉస్తాద్," అంది. "ఇరవై మూడు. మోచెయ్యి దగ్గర కూడా గీతలు ఆగలేదు. నేను సొంతంగా ఏదీ కలపలేదు."

"ఓదెలు దీంతోటి కొట్లాడుతడా?"

ఆమె మోచేతిని ఇంకోసారి వంచబోయింది.

"మీదికి కత్తి వస్తే చెయ్యి మడవాల్నా, వద్దా? మడవకపోతే ఎముక పోతది."

నిఖత్ ముఖం ఎర్రబడింది. "అయితే ఆ బొమ్మ చేసినవాడిదే తప్పు," అంది గట్టిగా. "వాడికి కవచం సంగతి తెలియదు. ఏదో తోచినట్టు గీతలు పెట్టేశాడు."

ఐలాచారి గోడ మీది బొమ్మ వైపు చూశాడు. తువ్వాల భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

గంట తర్వాత ఒక గోనెసంచి మోసుకుని వచ్చాడు. దాన్ని నిఖత్ ముందు గుమ్మరించాడు. కొత్తగా కడుతున్న ఏదో ఇంటి దగ్గర పారేసిన టైలు పెంకులు. తెల్లవి, పసుపువి, బూడిదరంగువి, ఇటుకరంగువి. ఒక తట్టలో తడి సున్నం కలిపి పెట్టాడు. ఒక చెక్కపలక తెచ్చి పక్కన పెట్టాడు. తర్వాత పాత దుప్పటి ఒకటి తీసి, తన కుడిచేతికి మణికట్టు నుంచి భుజం దాకా చుట్టుకున్నాడు. ఆ చేత్తో ఒక కట్టెపుల్లను కత్తిలా పట్టుకుని, వెలుతురున్న చోట ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు.

"నా చెయ్యి బొమ్మ చెయ్యి."

"ఉస్తాద్! ఆరు రోజులే ఉన్నాయి!"

"అందుకే, జల్ది మొదలువెట్టు."

నిఖత్ మొదటి గంటంతా కోపంతోనే పని చేసింది. పెంకులను సుత్తితో గోరంత ముక్కలు చేసింది. సున్నం పూసిన పలక మీద చెయ్యి ఆకారం గీసి, నడుమ వెలుగు పడుతున్న చోట తెల్లవి, అంచుల్లో బూడిదరంగువి పేర్చింది. లేచి వెనక్కి జరిగి చూసింది. చెయ్యి కాదది. గోడకు కొట్టిన పలకలా బల్లపరుపుగా ఉంది.

అన్నీ పీకేసింది. మళ్ళీ పేర్చింది. మళ్ళీ పలకే వచ్చింది. గుండ్రటి చేతిని చదరం ముక్కలతో ఎట్లా చేస్తారు?

మధ్యాహ్నం దాటింది. ఐలాచారి అప్పుడప్పుడూ కట్టెపుల్ల దించి, చెయ్యి విదిలించుకుని, మళ్ళీ ఎత్తి పట్టుకుంటున్నాడు. నిఖత్‌కు ఆకలి గుర్తు రాలేదు. కోపం ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు. ముక్కలను నిలువుగా కాకుండా అడ్డంగా, చంద్రవంకలా కొంచెం వంచి పేర్చి చూసింది. రెండు తెల్ల వరసల నడుమ ఒక సన్నటి బూడిదరంగు వరస పెట్టింది. ఏదో కదిలింది! ఇంకో తెల్ల జంట, ఇంకో బూడిద వరస. పలక మీంచి చెయ్యి పైకి లేస్తున్నట్టు అనిపించింది.

చీకటి పడేలోగా మోచెయ్యి దాకా వచ్చింది. ఆదివారం తెల్లారగానే వచ్చి మళ్ళీ కూర్చుంది. ఐలాచారి అప్పటికే దుప్పటి చుట్టుకుని పీట మీద ఉన్నాడు. మోచెయ్యి మడత దగ్గర మూడు మూలల ముక్క ఒకటి కావాల్సి వచ్చింది. నాలుగుసార్లు కొట్టింది. నాలుగుసార్లూ పెంకు పొడి అయింది, ఒకసారి వేలు కోసుకుంది. విసుగొచ్చి అక్కడ కూడా చదరం ముక్కలే కూరేసి పైకి వెళ్ళిపోయింది. భుజం దగ్గర చివరి ముక్క నొక్కి, వెనక్కి జరిగి చూసి, ఎగిరి గంతేసింది.

"వచ్చింది ఉస్తాద్! గుండ్రంగా వచ్చింది! చూడండి, చెయ్యే!"

ఐలాచారి మోకాళ్ళు పట్టుకుని లేచి వచ్చాడు. బొమ్మను చూసి ఆయన ముఖం కూడా విచ్చుకుంది. "అబ్బ," అన్నాడు. తర్వాత, "గీతలెన్ని వడ్డయి?" అని అడిగాడు.

నిఖత్ లెక్కపెట్టింది. "పంతొమ్మిది."

ఆయన తన చెయ్యి ముందుకు చాచాడు. "దీనికి ఎన్ని చుట్లున్నయి?"

నిఖత్ దుప్పటి చుట్లు లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

ఏడు.

ఆమె పలక వైపు చూసింది. చేతి వైపు చూసింది. పక్కన సుత్తులు టకటకమంటూనే ఉన్నాయి.

"ఆ గీతలు నేను పెట్టాలని పెట్టలేదు ఉస్తాద్," అంది నెమ్మదిగా. "రాళ్ళు అడిగాయి."

ఐలాచారి దుప్పటి విప్పి, మడతపెట్టి, అన్నానికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం నిఖత్ గోడ మీది బొమ్మ ముందు కూలబడింది. నలభై రోజులుగా తాను లెక్కపెట్టింది కవచాన్ని కాదు, రాళ్ళ వరసలను. గీతలు రాళ్ళవైతే ఇక ఆ బొమ్మలో నమ్మడానికి ఏం మిగిలింది? శుక్రవారం హైమవతికి ఏమని చెప్పాలి? తాను చెయ్యలేనని ఫోన్ చేద్దామా అనుకుంది. ఫోన్ తీసి పక్కన పెట్టింది.

సోమవారం పొద్దున మళ్ళీ అక్కడే కూర్చుంది. బొమ్మను చూడాలని కూడా లేదు. అయినా చూపు దాని మీదికే పోయింది. మణికట్టు దగ్గర ఒక బూడిదరంగు వరస. 'ఇది నేనూ పెట్టాను,' అనుకుంది. 'పెట్టక తప్పలేదు. పెట్టకపోతే చెయ్యి పలక అయిపోతుంది.' దాని పైది. అదీ అంతే. దాని పైది. ఒక్కొక్క రాయి మీదా వేలు పెడుతూ పైకి పోతోంది. నిన్న తన చేతులతో పేర్చిన వరసలే. ఎందుకు అక్కడున్నాయో వేళ్ళకు తెలుసు. ఇది తప్పక పెట్టింది. ఇదీ తప్పక పెట్టింది. ఇదీ.

మోచెయ్యి దగ్గర వేలు ఆగిపోయింది.

లోపలి మడతలో ఇటుకరంగు రాళ్ళు మూడు. వరసకు ఎదురుగా, ఏటవాలుగా ఉన్నాయి. చదరంగా లేవు. మూడు మూలలవి.

నలభై రోజులు చూసిన బొమ్మ! ఈ మూడు రాళ్ళు గీతలు కావు కాబట్టి ఏనాడూ కంట పడలేదు. నిన్న ఒక్క మూడు మూలల ముక్క కోసం నాలుగు పెంకులు పాడుచేసి, వేలు కోసుకుని, చేతకాక వదిలేసింది తాను. ఈ బొమ్మ చేసినాయన మూడు కొట్టాడు. మూడూ ఒకే కొలత. వాటి చుట్టూ ఉన్న రాళ్ళను కూడా వాటికి సరిపోయేలా అంచులు చెక్కాడు. ఎందుకు? చేతిని గుండ్రంగా చూపించడానికి ఇవి అక్కర్లేదు. ఎవరూ అడగలేదు. రాళ్ళూ అడగలేదు.

అక్కడ ఏదో చూడకపోతే, ఎవరైనా ఇంత కష్టపడతారా?

ఆమె ఒక్క ఉదుటున లేచి నిలబడింది. ముక్కు కాగితానికి తగిలేంత దగ్గరికి వెళ్ళింది. మణికట్టు లోపలివైపు ఇంకో రెండు, అదే రంగు, అదే వాలు. చంక దగ్గర సగం విరిగిన ఒకటి. అన్నీ లోపలివైపే! బయటివైపు ఒక్కటి కూడా లేదు.

"తాడు!" అని అరిచింది. "ఉస్తాద్! తాడు! తోలు తాడు! లోపలివైపు రేకుల్లేవు, తెరిచి ఉంది, తాడుతో ఏటవాలుగా అల్లి కట్టారు! ఈ ఎర్రరాళ్ళు ఆ తాడే! ఉస్తాద్!"

కార్ఖానా అంతా ఆమె వైపు తిరిగింది. ఆమె ఎవరినీ చూడలేదు. లక్క వేడి చేస్తున్న ఐలాచారిని చెయ్యి పట్టి లాక్కొచ్చింది. ఆయన జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నాడు. వంగి, ఆ మూడు రాళ్ళను చాలాసేపు చూశాడు. తర్వాత వాటిని వేలి కొసతో తాకి, ఆ వేలిని కళ్ళకు అద్దుకున్నాడు.

"ఎంత పనోడు!" అన్నాడు.

మిగిలింది నాలుగు రోజులు. నిఖత్ పాత తొడుగును విప్పి రివెట్లన్నీ ఊడదీసింది. చేతికి బయటివైపు మాత్రమే రేకులు రావాలి. కింద దూది పెట్టి కుట్టిన మందపాటి బట్ట. లోపలివైపు ఎర్ర తోలు తాడు అల్లిక. ఇదంతా ఆమె సుద్దముక్కతో నేల మీద గీసి చూపించింది. ఒక్క దగ్గర ఆగింది.

"ఎన్ని రేకులు పెట్టాలి ఉస్తాద్?"

ఐలాచారి చొక్కా చెయ్యి పైకి మడిచి, తన చెయ్యి ఆమె ముందు చాచాడు. నెమ్మదిగా మడిచాడు. మళ్ళీ చాచాడు. మళ్ళీ మడిచాడు.

నిఖత్ సుద్దముక్క తీసుకుని ఆ ముడతలు పడిన చేతి మీదే గుర్తులు పెట్టుకుంటూ పోయింది. పన్నెండు వచ్చాయి.

మంగళ, బుధ, గురువారాలు కార్ఖానాలో ఆమె సుత్తి చప్పుడే గట్టిగా వినిపించింది. ఐలాచారి సుత్తి పట్టలేదు. ఆమె కొడుతుంటే రేకు కదలకుండా పట్టుకుని కూర్చున్నాడు. మధ్యలో ఎవరో గిరాకీ వచ్చి గుమ్మం దగ్గర నిలబడితే, "రేపు రాన్రి, మా ఉస్తాదు పనిలున్నది," అని పంపేశాడు. నిఖత్ తలెత్తలేదు. కానీ ఆ మాట విన్నది.

శుక్రవారం పదింటికి హైమవతి కారు దిగింది. ఓదెలు వెనక సీట్లోంచి రెండు కొయ్యకత్తులు తీసుకుని దిగాడు. నలభై ఏళ్ళ మనిషి, గట్టి భుజాలు, గుబురు మీసాలు.

నిఖత్ ఆయన చేతికి తొడుగు ఎక్కించి లోపలివైపు తాడు బిగించింది. ఓదెలు చెయ్యి చాచాడు. మడిచాడు. ఆ చేత్తోనే మీసం మెలేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు.

"కొట్టమ్మా," అన్నాడు, ఒక కత్తి ఆమెకు ఇస్తూ.

"నేనా?"

"చేసింది నువ్వే గద. కొట్టు. మొహమాటం వద్దు."

నిఖత్ కత్తి ఎత్తింది. ఇరవై మూడు రేకుల తొడుగు గుర్తొచ్చి కళ్ళు మూసుకోవాలనిపించింది. మూసుకోలేదు. బలమంతా పెట్టి కొట్టింది. ఓదెలు మెరుపులా మోచెయ్యి మడిచాడు. ఖంగుమంది! దెబ్బ రేకుల మీద పడి పక్కకు జారిపోయింది. అదే క్షణంలో ఆయన చేతిలోని కత్తి కొస ఆమె భుజాన్ని తాకి నిలబడింది.

కార్ఖానా అంతా ఈలలు, చప్పట్లు.

"తొడుక్కున్నట్టే లేదు!" అన్నాడు ఓదెలు, చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ. "నా చెయ్యే గట్టిపడ్డట్టున్నది. ఇంకోటి కొట్టు తల్లీ!"

కొట్టింది. మళ్ళీ ఖంగుమంది. మళ్ళీ కొట్టింది. చెమటలు కారుతున్నాయి, నవ్వు ఆగడం లేదు. ఓదెలు కూడా నవ్వుతూనే ముందుకీ వెనక్కీ గంతులేస్తున్నాడు.

హైమవతి కూడా చప్పట్లు కొట్టింది. కానీ దగ్గరికొచ్చి రేకులు లెక్కపెట్టి నొసలు చిట్లించింది.

"నిఖత్, ఫోన్‌లో ఇరవై మూడు అన్నావు. ఒక్క గీత తేడా లేదన్నావు. ఇవి పన్నెండే ఉన్నాయి. ప్రదర్శనకు పెద్ద పెద్ద పండితులు వస్తారు. ఎందుకిలా చేశారని అడిగితే నేనేం చెప్పను? ఏ పుస్తకం చూపించను?"

నిఖత్ దగ్గర చెప్పడానికి చాలా ఉంది. రాళ్ళు ఏం అడుగుతాయో, ఏం అడగవో, గుండ్రటి చెయ్యి ఎలా లేస్తుందో, అంతా నాలుక చివరనే ఉంది. చెప్పడానికి నోరు తెరిచింది.

ఆగిపోయింది.

కత్తి పక్కన పెట్టి, హైమవతి చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆమె చూపుడువేలిని ఆ మూడు ఎర్రరాళ్ళ మీద ఆనించింది. కాసేపు అక్కడే ఉంచింది. తర్వాత ఓదెలును దగ్గరికి పిలిచి, అదే వేలిని ఆయన మోచేతి మడతలో, ఎర్ర తాడు అడ్డంగా దాటుతున్న చోట పెట్టింది.

ఓదెలు నెమ్మదిగా చెయ్యి మడిచాడు.

హైమవతి వేలు వెనక్కి తీసుకోలేదు. తాడు వైపు చూసింది. రాళ్ళ వైపు చూసింది. కళ్ళజోడు తీసేసి, బొమ్మ మీదికి వంగింది.

ఐలాచారి తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఇగ నేను పోయి చాయ్ తాగొస్త," అన్నాడు.